క్రూజ్ ఓడలోకి ఛార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు: ఏవి తీసుకెళ్లాలి, ఏవి ఇంట్లో వదిలేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు డాలస్‌లో ఉంటున్నారు. విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. మీ దంపతులతో కలిపి నలుగురూ ఒకే క్యాబిన్ తీసుకుని టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నారు. కంపెనీ రాయల్ కరీబియనా, కార్నివాలా ఇంకా తేలలేదు. నాలుగు ఫోన్లు, ఒక ట్యాబ్, రెండు వాచీలు ఉన్నాయి. నాన్నగారు రాత్రి సీపాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపేది) పెట్టుకుని పడుకుంటారు. అమ్మగారు చిన్న రైస్ కుక్కర్ కూడా పెట్టుకుందామంటున్నారు. స్పైక్ బస్టర్ తీసుకెళ్లొచ్చా, ఇండియా ఛార్జర్లు పనిచేస్తాయా, పవర్ బ్యాంకులు లాక్కుంటారా అని అడిగారు.

సూటిగా జవాబు ముందు చెప్పేస్తాను. స్పైక్ బస్టర్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బాక్సు, ఏ కంపెనీ ఓడలోకైనా వద్దు. దాని బదులు నాలుగు పోర్టులున్న ఒక మంచి యూఎస్‌బీ ఛార్జర్, పొడవాటి కేబుళ్లు తీసుకెళ్లండి. సీపాప్‌కి కావలసిన ఎక్స్‌టెన్షన్ వైరు ఓడవాళ్లనే ముందుగా అడగండి. పవర్ బ్యాంకులు నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు, చేతి బ్యాగులో. రైస్ కుక్కర్ మాత్రం కుదరదు.

నేను ప్రయాణికుల ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా పనిచేశాను, ఇప్పుడు విశాఖలో ఒడ్డు మీద ఉద్యోగం. క్యాబిన్లలో వచ్చే కరెంటు ఫిర్యాదులన్నీ మా డిపార్ట్‌మెంట్‌కే వస్తాయి కాబట్టి ఈ విషయం కొంచెం విడమర్చి చెబుతాను. కారణం తెలియనివాళ్లే "కంపెనీవాళ్లు ఊరికే పెట్టిన రూలు" అనుకుని బాక్సుని బట్టల మధ్య చుట్టి తెస్తుంటారు.

ఓడలో కరెంటు మన ఇంటి కరెంటు లాంటిది కాదు

ఇంట్లో ప్లగ్ పాయింట్‌కి వచ్చే తీగల్లో ఒకటి ఫేజ్, ఇంకొకటి న్యూట్రల్. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమికి కలిపేస్తారు. అందుకే టెస్టర్ పెడితే ఫేజ్‌లో లైటు వెలుగుతుంది, న్యూట్రల్‌లో వెలగదు. ఇండియాలో 230 వోల్టులైనా, అమెరికాలో 120 వోల్టులైనా ఏర్పాటు ఇదే.

ఓడలో భూమి ఎక్కడుంది? ఉన్నది ఉక్కు బాడీ. చాలా ఓడల్లో కరెంటు తీగల్లో దేన్నీ ఆ బాడీకి కలపరు. కాబట్టి క్యాబిన్‌లోని 110 వోల్టుల సాకెట్‌కి వచ్చే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఓడ బాడీతో పోల్చి కొలిస్తే ఒక్కో తీగలో సుమారు సగం, అంటే 55 నుంచి 60 వోల్టులు కనిపిస్తాయి.

ఇలా చేయడానికి గట్టి కారణమే ఉంది. ఎక్కడో ఒకచోట ఇన్సులేషన్ పోయి తీగ బాడీకి తగిలిందనుకోండి. ఇంట్లో అయితే బ్రేకర్ పడిపోతుంది, చీకటవుతుంది, మనం వెళ్లి చూసుకుంటాం. నడిసముద్రంలో స్టీరింగ్‌కో, పంపులకో వెళ్లే కరెంటు అలా ఠక్కున పోతే ఓడకే ముప్పు. అందుకని మొదటి లోపానికి సరఫరా ఆగకుండా, ఇంజిన్ కంట్రోల్ రూమ్‌లో ఇన్సులేషన్ అలారం మాత్రం మోగేలా ఏర్పాటు చేస్తారు. ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్లకు కరెంటు ఇచ్చే పద్ధతి కూడా ఇదే.

ఇప్పుడు స్పైక్ బస్టర్ విప్పి చూద్దాం. లోపల రూపాయి బిళ్ల కన్నా చిన్నగా, ఎక్కువగా నీలం రంగులో గుండ్రటి బిళ్లలు ఉంటాయి. వాటిని వేరిస్టర్లు అంటారు. మంచి బాక్సుల్లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఒకటి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి పెడతారు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఆ ఎక్కువైనదాన్ని ఎర్త్‌లోకి మళ్లించడం వాటి పని. ఇంట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉన్న బిళ్లకు మామూలు రోజుల్లో పనే ఉండదు. ఓడలో దాని మీద ఇరవైనాలుగు గంటలూ వోల్టేజీ ఉంటుంది. పైగా ఓడలో ఇంకెక్కడో, మీ క్యాబిన్‌కి సంబంధం లేని చోట, ఒక తీగ బాడీకి తగిలితే రెండో తీగలో వోల్టేజీ సగం నుంచి పూర్తికి పెరుగుతుంది. అప్పటికే నలిగి ఉన్న బిళ్ల వేడెక్కడం మొదలవుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే. వేడెక్కితే తెగిపోవడానికి బాక్సులో ఒక ఫ్యూజు ఉంటుంది. అది ఫేజ్ తీగ ఒక్కదాన్నే తెంచుతుంది. బాక్సు మీది స్విచ్చి కూడా చాలావాటిలో ఒక తీగనే ఆపుతుంది. ఇంట్లో అంతే చాలు. ఓడలో రెండో తీగలో కూడా కరెంటు ఉంది కదా, అది బిళ్ల మీదుగా బాడీలోకి పారుతూనే ఉంటుంది. బాక్సు మీద లైటు ఆరిపోతుంది, స్విచ్చి ఆపేసి ఉంటుంది, లోపల మాత్రం కాలుతూ ఉంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో 03-13 నంబరుతో ఇచ్చిన సేఫ్టీ అలర్ట్ సరిగ్గా ఈ విషయం మీదే: ఇళ్లలో వాడే సర్జ్ ప్రొటెక్టర్లను ఓడ కరెంటుకి తగిలిస్తే మంటలు రావచ్చు అని.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక రాత్రి ఇన్సులేషన్ అలారం వచ్చింది. ఏ డెక్కు, ఏ ప్యానెల్ అని ఒక్కో ఫీడర్‌నీ (కరెంటు లైనునీ) వేరుచేసి చూసుకుంటూ చివరికి ఒక క్యాబిన్ తలుపు తట్టాం. మంచం కింద, కార్పెట్ మీద, గోడవైపు నెట్టేసి ఉంది బాక్సు. తెల్ల ప్లాస్టిక్ ఒక చివర టీ రంగులోకి తిరిగింది. చల్లారాక వేలితో నొక్కితే అక్కడ పెళుసుగా విరిగింది. దానికి తగిలించి ఉన్నది ఒక్క కెమెరా బ్యాటరీ ఛార్జరే. అంటే లోడు ఎక్కువై కాలింది కాదు. "నేను రెండు చిన్న ఛార్జర్లే పెడతాను కదా, ఏమవుతుంది" అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను. ఆ బాక్సుకి ఏమీ తగిలించకపోయినా, సాకెట్‌లో ఉంటే చాలు.

ఒక మాట చేర్చాలి. అన్ని ఓడలూ ఒకేలా ఉండవు. కొన్నిటిలో క్యాబిన్లకు వెళ్లే సరఫరా వరకు న్యూట్రల్‌ని ఎర్త్ చేసే పద్ధతి కూడా ఉంది. కానీ ఎక్కే ఓడలో ఏ పద్ధతి ఉందో ప్రయాణికులకు తెలిసే దారి లేదు. కంపెనీలు కూడా తమ ఓడలన్నిటికీ కలిపి ఒకే రూలు పెడతాయి. అది సబబే.

మీరు అనుకుంటున్న రెండు కంపెనీల రూల్స్

రాయల్ కరీబియన్ 2024 సెప్టెంబరులో రూల్స్ బిగించింది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేకపోయినా సరే, ఒకటికి మించి ప్లగ్గులు గుచ్చుకునే బాక్సులు, ఎక్స్‌టెన్షన్ వైర్లు ప్రయాణికులు తేకూడదు. కార్నివాల్ సర్జ్ ప్రొటెక్టర్లను నిషేధించింది. సర్జ్ లేని మామూలు పవర్ స్ట్రిప్‌ను జాగ్రత్తగా వాడుకోమని అనుమతిస్తూ వచ్చింది. ఈ జాబితాలు తరచూ మారుతుంటాయి. ప్రయాణానికి వారం ముందు మీ కంపెనీ సైట్‌లో నిషేధిత వస్తువుల పేజీ ఒకసారి చదివి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండేళ్ల కిందట వెళ్లొచ్చిన స్నేహితుల మాట మీద ఆధారపడకండి.

నా సలహా అడిగితే, కార్నివాల్‌లో వెళ్లినా బాక్సు జోలికి పోవద్దు. సర్జ్ ఉందా లేదా అన్నది పైకి చూసి గుర్తుపట్టడం అంత తేలిక కాదు. వెనక లేబుల్ మీద జౌల్స్ అని ఒక అంకె ఉన్నా, "ప్రొటెక్టెడ్" అని చిన్న లైటు ఉన్నా సర్జ్ ఉన్నట్టే. మన ఊళ్లలో స్పైక్ బస్టర్ పేరుతో అమ్మేవాటిలో చాలామటుకు ఉంటుంది. కొన్ని యూనివర్సల్ ట్రావెల్ అడాప్టర్లలో కూడా పెడతారు, కాబట్టి అడాప్టర్ కొనేముందు కూడా లేబుల్ చూడండి.

దాచి తీసుకెళ్లాలని చూసినా దొరుకుతుంది. టెర్మినల్‌లో పోర్టర్లకు ఇచ్చిన ప్రతి సూట్‌కేసూ ఎక్స్‌రే లోంచి వెళ్తుంది. అనుమానం వస్తే సూట్‌కేసు క్యాబిన్‌కి రాదు. సాయంత్రం సెక్యూరిటీ గదికి రమ్మని కబురు వస్తుంది. అక్కడ బల్ల మీద ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, బాక్సులు వరసగా క్యాబిన్ నంబరు చీటీలతో పేర్చి ఉంటాయి. మామూలుగా వాళ్లు వస్తువు ఉంచుకుని రసీదు ఇస్తారు, దిగే రోజు తిరిగి ఇస్తారు. కానీ మొదటి సాయంత్రం, అమ్మగారి మందులు ఆ సూట్‌కేసులోనే ఉన్నప్పుడు, ఆ టెన్షన్ ఎందుకు?

మరి ఏం తీసుకెళ్లాలి

అమెరికా నుంచి నడిచే ఓడల్లో క్యాబిన్ బల్ల దగ్గర సాధారణంగా రెండు రకాల సాకెట్లు ఉంటాయి. ఒకటి అమెరికా పద్ధతిలో చదునైన పిన్నులకు, 110 వోల్టులు. రెండోది యూరప్ పద్ధతిలో గుండ్రటి పిన్నులకు, 220 వోల్టులు. కొత్త ఓడల్లో మంచం పక్కన యూఎస్‌బీ పోర్టులు కూడా ఉంటాయి. పాత ఓడల్లో మొత్తం క్యాబిన్‌కి రెండే సాకెట్లు ఉండటం మామూలే.

ఇక్కడ ఇండియా నుంచి వచ్చేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. మన ఫోన్ ఛార్జర్ల రెండు గుండ్రటి పిన్నులు ఆ యూరప్ సాకెట్‌లో నేరుగా పడతాయి. అడాప్టర్ అక్కర్లేదు. అమ్మానాన్నల ఛార్జర్లలో ఒకటి అక్కడ గుచ్చేస్తే అమెరికా సాకెట్ మీకు ఖాళీగా ఉంటుంది. ఆ సాకెట్ గుండ్రంగా లోపలికి గుంటలా ఉంటుంది కాబట్టి లావుపాటి ఛార్జర్ లోపలిదాకా దిగదు, సన్నటిది తెమ్మనండి. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఆ సాకెట్‌లో పట్టదు.

అమెరికా సాకెట్‌లోకి నాలుగు పోర్టుల యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి కొనండి. 65 వాట్లది ఫోన్లకు, వాచీలకు సరిపోతుంది. ల్యాప్‌టాప్ కూడా తెస్తే 100 వాట్లది తీసుకోండి. ఇప్పుడు గాన్ (గాలియం నైట్రైడ్) రకం అని వస్తున్నవి చిన్నగా, చేతిలో ఇమిడేలా ఉంటున్నాయి. వాటిలో ఒక సంగతి గమనించాలి: డబ్బా మీద రాసిన వాట్లు అన్ని పోర్టులకూ కలిపి. రెండో ఫోన్ తగిలించగానే ఛార్జర్ వాటాలు మళ్లీ పంచుకుంటుంది, ఒక్క క్షణం ఛార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చెడిపోయిందని కంగారుపడొద్దు.

ఇలాంటి ఛార్జర్‌కి అభ్యంతరం లేకపోవడానికి కారణం, అందులోంచి బయటికి వచ్చేది 5 నుంచి 20 వోల్టుల డీసీ మాత్రమే. అందుకే కేబుళ్లు ఎంత పొడవైనా ఎవరూ ఏమీ అనరు. మూడు మీటర్ల కేబుళ్లు రెండు కొనండి. బల్ల దగ్గరి సాకెట్ నుంచి మంచం దాకా వస్తాయి. ఎక్స్‌టెన్షన్ వైరు అవసరం సగం అక్కడే తీరిపోతుంది.

సాకెట్లు కనబడకపోతే టీవీ వెనక, మంచం తలాపున, సోఫా పక్కన చూడండి. రూమ్ స్టీవార్డ్‌ని అడిగితే చూపిస్తారు. అయితే టీవీ ప్లగ్గో, ఫ్రిజ్ ప్లగ్గో పీకి మీది పెట్టకండి. బాత్‌రూమ్‌లో గడ్డం గీసుకునే మెషిన్ బొమ్మతో ఒక సాకెట్ ఉంటుంది. దాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, షేవర్‌కీ ఎలక్ట్రిక్ బ్రష్‌కీ సరిపోయేంత పవరే ఇస్తుంది. అక్కడ ఫోన్ ఛార్జర్లు పెట్టకండి. కొన్ని ఓడల్లో తలుపు దగ్గర కార్డు పెడితేనే లైట్లు వెలుగుతాయి, కార్డు తీస్తే కొన్ని సాకెట్లు కూడా ఆగుతాయి. ఫోన్ పెట్టి బయటికి వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.

వోల్టేజీ: లేబుల్ చదవడం ఒక్కటే దారి

ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అది ఓడలో ఏ సాకెట్‌లోనైనా పనిచేస్తుంది. ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. ఇబ్బంది పెట్టేవి హెయిర్ డ్రయ్యర్లు, స్ట్రెయిట్‌నర్లు.

విజయవాడ నుంచి తెచ్చిన 230 వోల్టుల డ్రయ్యర్ 110లో పెడితే పవర్ నాలుగో వంతుకి పడిపోతుంది, గోరువెచ్చటి గాలి వస్తుంది, అంతే. దీనికి తిరగేసి జరిగేదే ప్రమాదం. అమెరికాలో కొన్న 120 వోల్టుల స్ట్రెయిట్‌నర్‌ని అడాప్టర్ సాయంతో 220 సాకెట్‌లో పెడితే మూడింతలకు పైగా వేడి పుడుతుంది, క్షణాల్లో కాలిపోతుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి.

డ్రయ్యర్ అసలు తేకపోవడమే మంచిది. క్యాబిన్‌లో ఒకటి ఉంటుంది. 1500 వాట్ల డ్రయ్యర్ 110 వోల్టుల మీద దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. అదే లైను మీద ఇంకేదైనా నడుస్తుంటే బ్రేకర్ పడిపోతుంది, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మీరు చీకట్లో కూర్చోవాలి.

నాన్నగారి సీపాప్

మీ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దీనికి మాత్రం ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. టికెట్ బుక్ చేసిన వెంటనే కంపెనీలో ప్రత్యేక అవసరాల విభాగానికి రాయండి. వాళ్ల సైట్‌లో ఒక ఫారం ఉంటుంది. సీపాప్ మెషిన్ వాడతారని, మంచం పక్కకు ఎక్స్‌టెన్షన్ వైరు కావాలని, డిస్టిల్డ్ వాటర్ కావాలని అందులో నింపండి. నీళ్లు కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. ఓడవాళ్లు ఇచ్చే వైరు మా డిపార్ట్‌మెంట్ పరీక్షించి చీటీ కట్టినది. బయటి నుంచి వచ్చే వైర్లు వద్దనడం, తాము మాత్రం ఇవ్వడం వెనక తేడా అదే. ఎక్కిన రోజు మధ్యాహ్నమే స్టీవార్డ్‌ని కలిసి వైరు వచ్చిందో లేదో చూసుకోండి. వేల మంది ఎక్కే రోజు రాత్రి పదకొండింటికి అడిగితే ఆలస్యం అవుతుంది.

మెషిన్ ఇండియాలో కొన్నదైతే వైరుకి మన మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. దానికి అడాప్టర్ మీద అడాప్టర్ పెట్టి వేలాడదీయకండి. ఓడ కదలికకి రాత్రి ఎప్పుడో ఊడిపోతుంది. చాలా మెషిన్లకు గోడకి వెళ్లే వైరు, నల్లటి పవర్ ఇటుక (మధ్యలో ఇటుకలా ఉండే పవర్ సప్లై డబ్బా) విడివిడిగా ఉంటాయి. ఇటుక మీద 100-240 అని ఉంటే, ఇటుకవైపు అదే ఆకారం ఉన్న అమెరికా వైరు ఒకటి డాలస్‌లో కొనండి. కొన్ని డాలర్ల పని, సమస్య శాశ్వతంగా తీరిపోతుంది.

మెషిన్‌ని పోర్టర్ల చేతికి ఇవ్వకండి, మీ భుజానికే తగిలించుకోండి. విమానంలో కూడా అంతే. అమెరికా రూల్స్ ప్రకారం దాన్ని చేతి సామాను లెక్కలో కలపరు. తీసుకెళ్లేముందు నీళ్ల తొట్టి ఖాళీ చేయడం మర్చిపోవద్దు, నీళ్లు లోపలికి పోతే మోటారు పాడవుతుంది. అమ్మగారు గానీ నాన్నగారు గానీ ఇన్సులిన్ వాడుతుంటే అదే ఫారంలో మెడికల్ ఫ్రిజ్ కూడా అడగండి. క్యాబిన్‌లోని చిన్న ఫ్రిజ్ డ్రింకులు చల్లగా ఉంచడానికే, మందులకు నమ్మదగింది కాదు.

పవర్ బ్యాంకులు

ఓడలో అభ్యంతరం లేదు. డాలస్ నుంచి గాల్వెస్టన్ మీరు కారులోనే వెళ్తారు కాబట్టి మీకు విమానం గొడవ లేదు. జాగ్రత్త పడాల్సింది అమ్మానాన్నలు. విమానంలో పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్లు (బ్యాటరీ సామర్థ్యం కొలత) దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు కుదరదు. డబ్బా మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 అంటే 111, అది వద్దు. అంకెలు చెరిగిపోయిన పాతదైతే భద్రతా తనిఖీలో పక్కన పెట్టేస్తారు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వస్తుంటే ఇంకో సంగతి: 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కొక్కరికి ఒక్కటే, అదీ 100 వాట్ అవర్లలోపు. విమానంలో దాన్ని వాడకూడదు, ఛార్జ్ పెట్టకూడదు, పై అరలో కూడా పెట్టకూడదు.

టెర్మినల్‌కి వచ్చిన రోజు కూడా పవర్ బ్యాంక్ చేతిలోనే ఉంచుకోండి. పోర్టర్లకు ఇచ్చిన సామాను క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఈలోగా బోర్డింగ్ పాస్, భోజనం వేళలు, సేఫ్టీ డ్రిల్ సమాచారం అన్నీ ఫోన్ యాప్‌లోనే ఉంటాయి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై వాడుకోండి. నడిసముద్రంలో సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది. పొరపాటున ఓడలోని సెల్యులార్ నెట్‌వర్క్‌కి తగులుకుంటే బిల్లు కూడా మోగుతుంది. కోజుమెల్ లాంటి చోట దిగినప్పుడు అడాప్టర్లు మోసుకెళ్లక్కర్లేదు, మెక్సికోలో సాకెట్లు అమెరికా తరహావే.

పవర్ బ్యాంక్ విషయంలో నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 2013 ఫిబ్రవరిలో గాల్వెస్టన్ నుంచే బయల్దేరిన కార్నివాల్ ట్రయంఫ్ ఓడలో ఇంజిన్ రూమ్‌లో ఇంధనం కారి మంట వచ్చింది. మంట ఆర్పేశారు గానీ మెయిన్ పవర్ పోయింది. నాలుగు వేల మందికి పైగా ఉన్న ఆ ఓడ కదల్లేక గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండిపోతే, టగ్గులతో లాగి ఫిబ్రవరి 14 రాత్రికి అలబామాలోని మొబీల్ రేవుకి చేర్చారు. ప్రయాణికుల ఓడల్లో అత్యవసర జనరేటర్ కనీసం 36 గంటలు నడవాలని అంతర్జాతీయ నియమం. అది చూసుకునేది ఎమర్జెన్సీ లైట్లు, రేడియో, ఫైర్ పంపు లాంటివాటిని. క్యాబిన్ ప్లగ్ పాయింట్లు ఆ జాబితాలో ఉండవు. ఇలాంటివి చాలా అరుదు, ఆ ప్రమాదం తర్వాత ఓడల్లో మార్పులు కూడా చేశారు. మీరు భయపడాలని చెప్పడం లేదు. కానీ మనిషికొక నిండు పవర్ బ్యాంక్, స్తోమత ఉంటే సీపాప్‌కి ఒక చిన్న బ్యాటరీ దగ్గర పెట్టుకోవడం మంచి అలవాటు. ఆ బ్యాటరీకి కూడా పైన చెప్పిన వాట్ అవర్ల లెక్కే.

రైస్ కుక్కర్, ఇంకా అలాంటివి

అమ్మగారి కోరిక నాకు అర్థమవుతుంది. మా అమ్మ కూడా ఎక్కడికెళ్లినా రాత్రికి కాస్త పెరుగన్నం లేకపోతే నిద్రపోదు. కానీ వంటకీ ఇస్త్రీకీ వేడి పుట్టించే ఏ వస్తువుకీ ఓడలో అనుమతి లేదు. కుక్కర్, కెటిల్, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె, బట్టలకు ఆవిరి పట్టేది, అన్నీ అంతే. ఇంట్లో మంట వస్తే బయటికి పరుగెత్తుతాం, ఫైర్ ఇంజిన్ వస్తుంది. సముద్రం మధ్యలో బయటికి అంటూ ఏమీ లేదు. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీలో మొదలైన మంట పక్కపక్క క్యాబిన్లకు పాకి ఒకరి ప్రాణం తీసింది. ఆర్పకుండా పారేసిన సిగరెట్ కారణమై ఉంటుందని తేల్చారు. క్యాబిన్‌లో నిప్పు విషయంలో ఓడవాళ్లు రాజీపడకపోవడానికి ఇలాంటి అనుభవాలే మూలం.

ఆ జాబితాలోనే కొవ్వొత్తులు, అగరబత్తులు కూడా ఉన్నాయి. అమ్మగారు పొద్దున్నే దీపం పెట్టుకునే అలవాటున్నవారైతే సెల్స్‌తో వెలిగే చిన్న దీపం ఒకటి ఇవ్వండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

తిండికి బెంగ వద్దు. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయించండి. మొదటి రాత్రి డైనింగ్‌లో హెడ్ వెయిటర్‌తో చెబితే మర్నాటికి పప్పు, అన్నం, కూర సిద్ధం చేసి పెడతారు. చాలా ఓడల వంటగదుల్లో మన దేశం వాళ్లుంటారు, పెద్దవాళ్ల కోసం అని చెబితే శ్రద్ధగా చేస్తారు. బఫేలో ప్లెయిన్ యోగర్ట్ దొరుకుతుంది. టీ కోసం వేడినీళ్లు ఇరవైనాలుగు గంటలూ ఉంటాయి.

ఇంట్లో ఉన్న సీపాప్ మెషిన్ పవర్ ఇటుక లేబుల్‌ని, వైరు గుచ్చుకునే చోటుని రెండు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏ వైరు కొనాలో చూసి చెబుతాను.